జడ నాదే, కానీ ఇంట్లో అందరిదీ

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి నుంచి ఈ వారం పెద్ద ఉత్తరం వచ్చింది. ఆమెకు 24 ఏళ్లు. సొంతూరు భీమవరం దగ్గర పల్లెటూరు. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం, మాదాపూర్‌లో హాస్టల్. నడుము దాటిన ఒత్తు జుట్టు, కాస్త అలలు అలలుగా ఉంటుందట. బంధువులంతా ఆమెను జడతోనే గుర్తుపడతారు. "పెళ్లిళ్లలో నన్ను చూడగానే ముందు జడ పట్టుకుని చూస్తారు, తర్వాతే ఎలా ఉన్నావని అడుగుతారు" అని రాశారు.

ఆ జుట్టు తీయించేయాలని ఆమెకు ఉంది. మామూలు బాయ్ కట్ కాదు. రెండు పక్కలా, మెడ వెనకా మిషన్‌తో దగ్గరగా తీయించి, పైన మాత్రం గడ్డం దాకా వచ్చేలా ఉంచే అండర్‌కట్. వీలైతే చివర్లకు నీలం రంగు. మూడేళ్లుగా ఫోన్‌లో ఫోటోలు దాచుకుంటున్నారు. తలస్నానం చేస్తే జుట్టు ఆరేసరికి సాయంత్రమవుతుంది, స్కూటీ మీద హెల్మెట్‌లో చెమట, వారానికి రెండు రోజులు తలనొప్పి. "ఇవన్నీ పైకి చెప్పుకోవడానికి. అసలు సంగతేంటంటే, అద్దంలో కనిపించే అమ్మాయి ఎవరో వేరే అమ్మాయిలా ఉంటుంది" అన్నారు.

రెండు నెలల కిందట ఒక సెలూన్‌కి వెళ్లి ఫోటో చూపిస్తే, "ఇంత మంచి జుట్టు మేడమ్, మీ ఇంట్లో మమ్మల్ని తిడతారు" అని నచ్చజెప్పి, నాలుగు అంగుళాలు తీసి యూ కట్ చేసి పంపించారు. మగవాళ్ల సెలూన్‌కి వెళితే లేడీస్‌కి చేయం అనేశారు. ఇంట్లో చెప్పి చూస్తే అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "మాఘమాసంలో అక్క పెళ్లి. అది అయ్యాక చూద్దాంలే" అన్నారు. నాన్నగారు ఏమీ అనలేదు. మిషన్ అన్న మాట వినగానే అమ్మమ్మ ఏడ్చారు. ఆవిడ వాళ్లమ్మకు చిన్నవయసులోనే భర్త పోతే ఇంట్లోవాళ్లు తల గొరిగించారట. ఒక బావ మాత్రం "అబ్బాయిలా తిరగాలని ఉందా?" అని అందరిముందూ అన్నాడు.

ఆమె అడిగినవి ఇవి. చెప్పకుండా చేయించేసుకుని తర్వాత తిట్లు తినడం నయమా? పెళ్లి దాకా ఆగాలా? ఎలాంటి కట్ ఎంచుకోవాలి, సెలూన్‌లో ఎలా చెప్పాలి? ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న: "నాకు రెండు సుడులున్నాయి. జుట్టు తీస్తే తెలుస్తుందా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అమ్మకి థైరాయిడ్ వచ్చి జుట్టంతా పోయింది, నాకు మాత్రం ప్రతి ఆదివారం కుంకుడుకాయలు కొట్టి తల రుద్దేది" అని రాసి, వెంటనే హెల్మెట్ సంగతికి వెళ్లిపోయారు. మీ సమస్యలో సగం ఆ వాక్యంలోనే ఉందని నాకు అనిపిస్తోంది.

"ఇంట్లో ఒప్పుకోరు" అని ఒక్క మాటలో అందరినీ కట్టేశారు. కానీ మీ ఉత్తరంలోని మనుషుల బాధ ఒకటి కాదు. అమ్మ బాధ వేరు, అమ్మమ్మ బాధ వేరు. ఇద్దరికీ ఒకే జవాబు చెబితే ఇద్దరికీ చేరదు.

మీ అమ్మగారు పదిహేనేళ్లు ప్రతి ఆదివారం కుంకుళ్లు కొట్టి, నానబెట్టి, రసం తీసి, సాంబ్రాణి పొగ వేసి ఆ జుట్టు పెంచారు. అది మీ తల మీద ఉంది, కానీ ఆవిడ చేతుల పని. తన జుట్టు పోయాక మీ జడ అల్లడంలో ఆవిడకు ఎంత ఊరట దొరికిందో ఆవిడ ఎప్పుడూ చెప్పి ఉండరు. మీరు ఫోన్‌లో "కట్ చేయించుకుంటా" అన్నప్పుడు ఆవిడకు "నువ్వు చేసినదంతా నాకు బరువు" అన్నట్టు వినిపించి ఉండొచ్చు. అందుకే ఆ రెండు రోజుల మౌనాన్ని నేను కోపం అనుకోవడం లేదు. కాబట్టి అమ్మతో మాట్లాడేటప్పుడు చెమట, తలనొప్పి, ఫ్యాషన్‌తో మొదలుపెట్టకండి. ఆ ఆదివారాల గురించి మాట్లాడండి. ఆవిడ పడ్డ శ్రమ మీకు గుర్తుందని ఆవిడకు వినిపించాలి. ఆ తర్వాత కూడా ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆవిడ దేనికి బాధపడుతున్నారో మీకు తెలుసన్న సంగతి అయినా ఆవిడకు తెలుస్తుంది.

అమ్మమ్మది ఇంకా లోతైన గాయం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల దాకా కొన్ని ఇళ్లలో భర్త పోయిన ఆడవాళ్లకు తల గొరిగించడం ఆగలేదు. మీ ముత్తమ్మమ్మగారు అలాంటి ఇంట్లోనే ఉన్నారు. ఆ తలను అమ్మమ్మ చిన్నపిల్లగా రోజూ చూశారు. ఆడపిల్ల తల మీద కత్తి అంటే ఆవిడ కళ్లముందు మెదిలేది ఆ రూపమే. మీరు చూపించిన ఫోటోలోని అమ్మాయి నవ్వుతోందన్నది ఆవిడకు కనిపించదు. ఆవిడ దగ్గర వాదన పెట్టుకోకండి. "పాతకాలం మనిషి" అని తీసిపారేయకండి. ఊరు వెళ్లినప్పుడు పక్కన కూర్చుని, వాళ్లమ్మ గురించి చెప్పమని అడగండి. ఎవరు గొరిగించారు, ఆవిడ ఏమన్నారు, ఎన్నాళ్లు ఏడ్చారు, తర్వాత ముసుగు ఎలా వేసుకునేవారు. ఆ కథ ఇంట్లో ఎవరూ పూర్తిగా అడిగి ఉండరు. అంతా విన్నాక ఒక్క మాట చెప్పండి: "ఆవిణ్ని ఎవరూ అడగలేదు అమ్మమ్మా. నన్ను ఎవరూ బలవంతపెట్టడం లేదు, నేనే కోరుకుంటున్నాను."

మన ఇళ్లలో జుట్టు ఇచ్చేయడం కొత్తేమీ కాదు. మీకే పన్నెండో ఏట జ్వరం తగ్గితే తిరుమలలో మూడు కత్తెరలు ఇచ్చారని రాశారు. కల్యాణకట్టలో గుండు చేయించుకుని బయటికొచ్చే ఆడవాళ్లను చూసి ఎవరూ "ఇంత మంచి జుట్టు" అని నొచ్చుకోరు, దండం పెడతారు. దేవుడికిస్తే మొక్కు. ఒకప్పుడు భర్త పోతే తీసేయడం ఆచారం. తనకు నచ్చి తీయించుకుంటే మాత్రం తెగింపు. ఈ తేడా చూస్తే నాకు బాధేస్తుంది, దాచుకోను. మీ కోరికలో తప్పేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. ఎలా, ఎప్పుడు అన్నదే మిగిలిన మాట.

బావగారి మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. జుట్టు పొట్టిగా ఉన్నంత మాత్రాన ఎవరూ అబ్బాయి అయిపోరు. ఒకవేళ మీకు మీ గురించి ఇంకేవైనా ప్రశ్నలుంటే అవీ సిగ్గుపడాల్సినవి కావు, అతనికి జవాబు చెప్పాల్సినవీ కావు. నాన్నగారి మౌనాన్ని వద్దన్నట్టు లెక్కేయకండి. విడిగా ఒకసారి అడిగి చూడండి.

మీ ఉత్తరంలో అందరూ ఉన్నారు, ఒక్క అక్క తప్ప. పెళ్లి ఆమెది. పక్కన నిలబడేది మీరు. ఫోటోల్లో తన చెల్లెలు ఎలా కనిపించాలో ఆమెకు ఒక కోరిక ఉండొచ్చు, అసలు పట్టింపే లేకపోవచ్చు కూడా. అమ్మ "అక్క పెళ్లి" అన్నారని మీరు ఆగుతున్నారు, అక్కను మాత్రం అడగలేదు. ఇవాళే ఫోన్ చేయండి. ఆమె "నాకేం ఫర్వాలేదే" అంటే అమ్మ మాటలో బలం తగ్గుతుంది. "ఆ ఒక్క రోజుకి ఆగవే" అంటే, అది అక్క తన పెళ్లికి అడిగిన కోరిక అవుతుంది, దానికి విలువ ఇవ్వాలో లేదో మీరు నిర్ణయించుకోవచ్చు.

ఇక చెప్పకుండా చేయించుకోవడం. చట్టం దృష్టిలోనూ న్యాయంగానూ మీ తల మీద హక్కు మీదే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా నేను దీన్ని చివరికి పెడతాను. చెప్పకుండా చేస్తే ఇంట్లో గొడవ జుట్టు గురించి జరగదు, దాచడం గురించి జరుగుతుంది. అప్పుడు మీరు జుట్టు విషయంలో ఎంత కరెక్ట్ అయినా మోసం చేశారన్న మాట దగ్గర ఇరుక్కుపోతారు. అనుమతి అడగడానికీ ముందుగా చెప్పడానికీ మధ్య తేడా ఉంది. "అమ్మా, ఫలానా తేదీన చేయించుకుంటున్నాను, నీకు వేరేవాళ్ల ద్వారా తెలియకూడదని చెబుతున్నా" అనొచ్చు. ఆవిడ కోప్పడతారు. కానీ ఆ తేదీ దాకా ఆ కోపాన్ని అరిగించుకునే టైమ్ ఆవిడకు దొరుకుతుంది. ఒకవేళ మీ ఇంట్లో విషయం అరుపుల్ని దాటి చేయి చేసుకోవడం దాకా, ఉద్యోగం మాన్పించి తీసుకెళ్లడం దాకా పోయే ఇల్లయితే నా సలహా మార్చుకుంటాను. అప్పుడు ముందు మీ భద్రత చూసుకోండి, చెప్పడం తర్వాత. మీ ఉత్తరం చదివితే అలా అనిపించలేదు.

పెళ్లయ్యే దాకా ఆగడం గురించి. మూడేళ్లు ఆగినవారికి పెళ్లి దాకా ఐదు నెలలు పెద్ద కాలం కాదు. ఆగితే అమ్మకు తన పూలజడ ఫోటో దొరుకుతుంది. చిక్కెక్కడంటే, మీ అమ్మగారు "చూద్దాంలే" అన్నారు, తేదీ చెప్పలేదు. అక్క పెళ్లయ్యాక మీకు సంబంధాలు మొదలవుతాయి, అప్పుడు "నీ పెళ్లయ్యాక" అంటారు, ఆ తర్వాత అత్తగారి మాట వస్తుంది. కాబట్టి ఆగేటట్టయితే తేదీతో ఆగండి. "పదహారు రోజుల పండగ అయిన మరుసటి ఆదివారం" అని అమ్మతో ఇప్పుడే అనిపించుకోండి. పెళ్లి సంబంధాల ఫోటో గురించి ఒక్క మాట. జడ ఉన్న ఫోటో చూసి వచ్చేవాళ్లు జడ ఉన్న అమ్మాయి కోసం వస్తారు. మీరు అలా ఉండదలచుకోకపోతే ఆ ఫోటో ఇద్దరికీ ఇబ్బంది. పొట్టి జుట్టుతో సంబంధాలు తగ్గుతాయా అంటే, కొన్ని తగ్గుతాయి. ఆ విషయంలో అబద్ధం చెప్పి లాభం లేదు.

ఆగడానికీ ఇప్పుడే తీయించడానికీ మధ్య ఇంకో దారి కూడా ఉంది, మీకది తట్టినట్టు లేదు. అండర్‌కట్ అంతా ఒకేసారి చేయించక్కర్లేదు. ముందు మెడ వెనక మాత్రం, అంటే వెంట్రుకలు మొదలయ్యే చోటి నుంచి రెండు మూడు అంగుళాల మేర మిషన్ పెట్టించుకోవచ్చు. పైజుట్టు వదిలేస్తే ఎవరికీ కనిపించదు, పైకి ముడేస్తే కనిపిస్తుంది. ఒత్తు జుట్టువాళ్లకు అక్కడ కూడా బరువు ఉంటుంది కాబట్టి హెల్మెట్ కింద ఆ తేడా వెంటనే తెలుస్తుంది. పూలజడకూ అడ్డు రాదు. మిషన్ తల మీద తిరిగితే మీకు ఎలా ఉంటుందో, మర్నాడు అద్దంలో సంతోషంగా ఉందో భయంగా ఉందో కూడా తెలిసిపోతుంది. నష్టం ఏమిటంటే, మీరు కోరుకున్న రూపం ఇది కాదు. కొందరికి ఈ సగం పని ఇంకా అసహనం పెంచుతుంది.

ఒక పక్క మాత్రం తీయించుకోవడం రెండో రకం. పాపిట అటు మార్చి దువ్వితే దాగిపోతుంది, ఇటు వేస్తే బయటపడుతుంది. కానీ మనసు మారితే ఇదే ఎక్కువ విసిగిస్తుంది. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. తీసిన పక్క చెవి వెనక్కి దోపుకునేంత కావడానికి ఏడెనిమిది నెలలు, మధ్యలో కొన్ని నెలలు ముళ్లపందిలా నిలబడుతుంది.

మూడోది మీరు కోరుకున్నది. రెండు పక్కలా, వెనకా తీసేసి పైన గడ్డం దాకా. మీ అలల జుట్టుకు ఇది బాగా కుదురుతుంది, పైభాగం చప్పగా పడిపోకుండా దానంతటదే ఎత్తుగా ఉంటుంది. ఖర్చు, ఓపిక ముందే లెక్కేసుకోండి. మూడు నాలుగు వారాలకోసారి పక్కలు మళ్లీ తీయించాలి, లేకపోతే ఆకారం పోతుంది. తిరిగి భుజాల దాకా రావాలంటే రెండేళ్లు దాటుతుంది, ఇప్పుడున్న నడుము దాకా రావాలంటే ఐదారేళ్లు. ఆ అంకె చదివినప్పుడు మీ గుండె గుభేలుమందా, తేలికపడిందా? నిజాయితీగా గమనించుకోండి. మిషనే వద్దనుకుంటే కత్తెరతోనే ఎగుడుదిగుడుగా పొరలు తీసే వుల్ఫ్ కట్ ఉంది. అది చూడటానికి కొత్తగానే ఉంటుంది, అమ్మమ్మకు మిషన్ భయమూ ఉండదు.

మూడోదే ఇప్పుడే చేయించుకుంటానంటే, పెళ్లికి సవరం ఉంది కదా! అదీ మీ జుట్టుతోనే. పైన ఐదారు అంగుళాలుంటే వెనక్కి లాగి కట్టి సవరం తగిలించి పూలజడ వేయొచ్చు, పక్కల్ని పూలు కొంత కప్పుతాయి. అందుకని కట్ చేసేటప్పుడు జుట్టు నేల మీద పడనివ్వకండి. ముందురోజు నూనె లేకుండా తలస్నానం చేసి పూర్తిగా ఆరనివ్వండి. నాలుగు పాయలుగా విడదీసి, ఒక్కో పాయకు మొదట్లో, మధ్యలో, చివర రబ్బర్‌బ్యాండ్లు బిగించి, పైబ్యాండుకు పైన కోయించండి. మొదళ్లన్నీ ఒక వైపే ఉండాలి. తలకిందులు కలిసిపోతే సవరం చిక్కుపడిపోతుంది. ఏలూరులో వెంట్రుకల వ్యాపారం ఎప్పటినుంచో ఉంది, అటువైపు సవరాలు కట్టేవాళ్లను వెతకడం మీ అమ్మగారికి కష్టం కాదు. ఆ పని ఆవిడకే అప్పజెప్పండి. పదిహేనేళ్లు పెంచిన జడ ఆవిడ చేతికే తిరిగి వెళుతుంది. దాన్ని మీకు పెడతారో, అక్కకు పెడతారో, తనే పెట్టుకుంటారో ఆవిడ ఇష్టం. కాన్సర్ రోగుల విగ్గులకు ఇవ్వడం ఇంకో దారి. అలా తీసుకునేవాళ్లు మామూలుగా పన్నెండు అంగుళాలైనా ఉండాలంటారు, మీది సరిపోతుంది.

సెలూన్ సంగతి. మిషన్ పని ఎక్కువగా చేసేది మగవాళ్ల సెలూన్లలో, కత్తెర పని ఎక్కువగా వచ్చింది లేడీస్ పార్లర్లలో. మీకు రెండూ కావాలి కాబట్టి ఇద్దరికీ చేసే యూనిసెక్స్ సెలూన్ చూసుకోండి. నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చోకండి. ముందు ఒకరోజు ఊరికే వెళ్లి, "ఆడవాళ్లకి అండర్‌కట్ ఎప్పుడైనా చేశారా, ఫోటో ఉందా?" అని అడగండి. తడబడితే బయటికి వచ్చేయండి. ఆదివారం రద్దీలో వద్దు, మామూలు రోజు ఉదయం వెళ్లండి.

ఫోటో ఒకటి చాలదు. ముందు, పక్క, వెనక మూడూ కావాలి, అదీ మీలాంటి అలల జుట్టువాళ్లవి. అలలు లేని జుట్టున్న అమ్మాయి ఫోటో తీసుకెళితే ఫలితం ఎప్పటికీ కలవదు. "పొట్టిగా" అనకండి, నంబర్ చెప్పండి. మిషన్‌కి పెట్టే దువ్వెనలకు నంబర్లుంటాయి. ఒకటో నంబర్ సుమారు 3 మిల్లీమీటర్లు వదులుతుంది, రెండోది 6, మూడోది 10 దాకా, నాలుగోది 13 దాకా. జీరో అంటే దాదాపు గుండే. నాలుగుతో మొదలుపెట్టించి, చూసుకుని, మూడుకో రెండుకో దిగండి. గీత ఎక్కడి నుంచి అన్నది కూడా మీరే వేలితో చూపించండి. మొదట చెవి పైన కిందగా గీయించండి, తర్వాత కావాలంటే పైకి జరపొచ్చు. పైజుట్టు ఎక్కువ భాగం ఆరినప్పుడే కోయించండి, తడిగా ఉన్నప్పుడు గడ్డం దాకా కనిపించిన అలల జుట్టు ఆరాక చెంప దాకా లేచిపోతుంది.

మిషన్ తలను, దువ్వెనను మీ కళ్లముందే స్పిరిట్‌తో తుడవమనండి, తామర వాటివల్ల కూడా అంటుకుంటుంది. మెడ దగ్గర గీతకు బ్లేడు వాడితే కొత్తది విప్పించండి. తోడుగా ఒక స్నేహితురాలిని తీసుకెళ్లండి. మళ్లీ "ఇంత మంచి జుట్టు" పాట మొదలైతే, "ఆలోచించుకునే వచ్చాను, చేస్తారా, వేరే చోటికి వెళ్లనా?" అని ఒక్కసారి అడగండి. మధ్యలో నచ్చకపోయినా ఆపమనే హక్కు మీకుంది, డబ్బులిచ్చేది మీరు.

నీలం రంగు ఆ రోజే వద్దు. నల్లజుట్టు మీద నీలం కనిపించాలంటే ముందు బ్లీచ్ చేయాలి, అప్పుడే మిషన్ తిరిగిన చర్మానికి అది తగిలితే మండుతుంది. రెండు మూడు వారాలు ఆగి, రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రాసి పడుతుందో లేదో చూసుకుని, చివర్లకు మాత్రం వేయించండి. బ్లీచ్ చేసిన జుట్టు పసుపును గబుక్కున పీల్చుకుంటుంది. అక్కకు మంగళస్నానం చేయించేది మీరే అయితే రంగును పెళ్లి తర్వాతకు వాయిదా వేయడమే మంచిది. ఆఫీసులో ఇలాంటివాటికి రూల్ ఉందేమో హెచ్‌ఆర్‌ని ఒక మెయిల్‌లో అడిగితే తేలిపోతుంది. ఎండలో కొత్తగా బయటపడిన చర్మానికి సన్‌స్క్రీన్ మరిచిపోకండి.

మీ చివరి ప్రశ్న. సుడులు రెండుంటే తెలుస్తాయి, ముఖ్యంగా ఒకటి మెడకు దగ్గరగా ఉంటే. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లన్న మాట మీ ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, దానికి భయపడకండి. కటింగ్ చేసేవాళ్లకు మాత్రం కుర్చీలో కూర్చోగానే రెండూ చూపించండి. సుడి దగ్గర వెంట్రుకలు గుండ్రంగా తిరిగి లేచి నిలబడతాయి, అక్కడ మిగతా చోటికన్నా ఒక నంబర్ ఎక్కువ పెట్టమనండి. అప్పుడవి పడుకునే ఉంటాయి.